వదిలేసిన పేరు

“ఆ ఒక్క పేరు రాకూడదు. వస్తే పాట ఆడికే ఆపిచ్చేస్తా” అన్నాడు నరసింహులు, తండ్రి శవం పక్కన నిలబడి.

గుమ్మెట వాయించబోతున్న బయ్యన్న చెయ్యి ఆగిపోయింది. నరసింహులు వాళ్ల ఇంట మనిషి పోతే, శవాన్ని ఎత్తేముందు వంశకథ పాడించాలి. పాటగాడు కన్నబిడ్డలను పేరుపేరునా పిలవాలి. పిలిచినప్పుడల్లా ఆ బిడ్డ ‘ఉండా నాయనా’ అని శవం మీద జొన్నలు చల్లాలి. పిలుపు అందకపోతే ఆ బిడ్డ ఆ ఇంట పుట్టనట్టే.

“బతికుండే మనిషిని ఎట్ల తీసేసేది నరసింహులూ?”

“ఇల్లు దాటి లేచిపోయిన దినమే మాకు సచ్చింది.”

“మీ నాయన కడాకు ఆ పాపనే కలవరించినాడంట కదప్పా.”

“కలవరిస్తే కలవరించినాడు. పాడితే పాడు, లేదంటే లెయ్. ఇంకొకడు దొరికింటే నిన్ను పిలుస్తాంటినా?”

అదీ నిజమే. పాట కూడు పెట్టక తోటి పాటగాళ్లంతా బెంగళూరు కూలికి పోయారు. ఈ వంశకథ నోటికి వచ్చినవాడు శింగనమల చుట్టుపక్కల బయ్యన్న ఒక్కడే మిగిలాడు, మొండిమనిషి. ఇప్పుడు తను లేచి వెళ్లిపోతే, చనిపోయిన వీరప్పను కథ లేకుండానే ఎత్తేస్తారు. జీవితమంతా గొర్రెల వెంట కొండలు తిరిగిన పెద్దమనిషికి ఆ గతి పట్టకూడదనుకున్నాడు.

“సరే. నా నోట రాదు” అన్నాడు.

వంత పాడడానికి అతని భార్య తాళాలు పట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక కూర్చుంది. నరసింహులు అటు చూడలేదు.

కథ మొదలైంది. కరువులో మందలు తోలుకొచ్చిన తాతలు, రాళ్లలో బావులు తవ్విన వాళ్ల కొడుకులు ఒక్కొక్కరే పాటలోకి వచ్చారు. బయ్యన్న గొంతు జీరబోయిన చోటల్లా భార్య అందుకుంది. బిడ్డల వంతు వచ్చింది.

“నరసింహులూ...”

“ఉండా నాయనా.”

“జయరామూ...”

“ఉండా నాయనా.”

తర్వాతి పేరు బయ్యన్న గొంతులోనే ఉండిపోయింది. మాట ఇచ్చాడు, ఏం చేస్తాడు? ఊరికే గుమ్మెట వాయిస్తూ కూర్చున్నాడు. దుఃఖం ఆగలేదు. కళ్లు తుడుచుకుని మనవళ్ల పేర్లు ఎత్తుకున్నాడు.

వెనక నుంచి వంత రాలేదు.

తిరిగి చూశాడు. భార్య తాళాలు నేలమీద పెట్టి లేచింది. ముఖం మీది కొంగు తీసేసి, నరసింహులును దాటుకుని శవం దగ్గరికి పోయింది. పిడికెడు జొన్నలు చల్లి, తన పేరు తానే పిలుచుకుంది.

“చౌడేశ్వరీ... ఉండా నాయనా.”