ఫోన్లో సముద్రం

పడవ అంచు పట్టుకున్న ముసలాయన చెయ్యి తియ్యలేదు.

"ఆ పక్క పోబాకండి నాయినా. అలలకి అడ్డంగా కట్టిన రాళ్ల గోడ చివర లోతు లేదు. నా తెప్పకే అడుగు తగలతా ఉంది."

నిరంజన్‌కి చిరాకేసింది. చెన్నై షోళింగనల్లూరు ఆఫీసులో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి మిగిలేది ఆదివారం పొద్దున ఒక్కటే. ముగ్గురు స్నేహితులతో కలిసి ఈ ఫైబర్ పడవ కొన్నది అందుకే. ఇవాళ బామ్మర్ది నితిన్‌ని మొదటిసారి తీసుకొచ్చాడు.

"వాడికి ఈత రాదు, జాగ్రత్త," అని బయల్దేరేటప్పుడు భార్య సునయన తమ్ముడి గురించి రెండుసార్లు చెప్పింది.

నిరంజన్ జాగ్రత్తగానే ఉన్నాడు మరి. మూడు రోజులు కూర్చుని ఫోన్లో సముద్రం లోతులు చూపే డెప్త్ చార్ట్ చూసి, వంజరం చేపలు తిరిగే చోటుదాకా దారి గీసుకున్నాడు. సముద్రాన్ని జేబులో పెట్టుకుని వచ్చానన్న ధీమా అతనిది.

"చూడు తాతా," అని ఫోన్ ముసలాయన మొహం ముందు పెట్టాడు. "గోడ చివర లోతు మూడు మీటర్ల పైనే ఉంది. మా పడవకి అర మీటరు చాలు."

ముసలాయన కళ్లు చికిలించి ఆ అంకెని చాలాసేపు చూశాడు.

"ఇది అప్పట్లో కరెక్టే. పోయినేడు తుపానుకి గోడ రాళ్లు లోపలికి దొర్లినాయి. వాటి మింద ఇసక మేట ఏసింది. రొంచేపు ఆగండి, గుండు ఏసి చూపిస్తా."

ఆయన చేతిలో తాడు, తాడు చివర ఇనప గుండు. గుండు అడుగున బట్టల సబ్బు మెత్తి ఉంది.

"సబ్బెందుకు?" అన్నాడు నితిన్.

"అడుగున ఇసకుంటే సబ్బుకి అంటుకుంటింది. ఏమీ అంటకుంటే రాయి."

నితిన్ పగలబడి నవ్వాడు. "బావా, సముద్రానికి సబ్బు రుద్దుతాడట!"

నిరంజన్‌కీ నవ్వొచ్చింది. "ఇది సర్వే చేసి పెట్టిన చార్ట్ తాతా. సర్వే చేసినవాళ్ల కంటే నీకెక్కువ తెలుసా?"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"లైఫ్ జాకెట్లన్నా ఏసుకోండప్పా," అన్నాడు చివరికి.

జాకెట్లు పలక కింద ఉన్నాయి. ఫొటోల్లో బాగుండవని ఇద్దరూ వేసుకోలేదు.

పడవ సరిగ్గా ఫోన్లో గీసిన గీత మీదే పోయింది. గోడ చివర దాటుతుండగా రాయి తగిలి పడవ అడుగు ఫట్‌మని పగిలింది. వెనక నుంచి వచ్చిన అల పడవని తిరగేసింది.

నిరంజన్ బోర్లాపడ్డ పడవని ఎలాగో పట్టుకున్నాడు. నితిన్ కనబడలేదు.

"నితిన్! నితిన్!"

ముసలాయన తెప్ప అప్పటికే సగం దూరం వచ్చేసింది. ఆయన వెనకాలే బయల్దేరి ఉంటాడు. నీళ్లలోకి దూకి, నితిన్‌ని జుట్టు పట్టుకుని పైకి లాగి, తెప్ప మీదికి తోసి, ఒడ్డున జనానికి అప్పగించాడు.

మళ్లీ వెనక్కొచ్చాడు.

"తెప్ప పట్టుకో నాయినా, వదలబాక."

నిరంజన్ తెప్ప ఎక్కాడు. దిగి వెనక నుంచి తోస్తున్న ముసలాయన్ని తర్వాతి అల ఎత్తి కొట్టింది. ఆ రాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన ఒకే ఒక్క మనిషి వాటి మీదే పడ్డాడు.

ఆంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం లేదు. ఆయన పేరు కామరాజు అని పోలీసులు రాసుకుంటుంటే తెలిసింది. అంతసేపు మాట్లాడి, పేరన్నా అడగలేదు.

మూడో రోజు ఇద్దరూ ఆయన ఇంటికి వెళ్లారు. నితిన్ వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల కామరాజు భార్య పుష్పవల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆయన చెప్పారు. మేమే వినలేదు," అన్నాడు నిరంజన్. తరవాత ఏడుపు ఆగలేదు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎవురూ వినలా నాయినా. దినమూ తెప్పేసుకుని పొయ్యి ఆడ కొలిచొస్తా ఉండె. ఫోను పట్టుకుని పడవెక్కే ప్రతివాణ్ణీ నిలబెట్టి చెప్తా ఉండె. పిచ్చోడనేసినారు."

"ముక్కూ మొహం తెలీనివాళ్ల కోసం ఆయనకెందుకమ్మా అంత ఆరాటం?"

"భయం నాయినా. ఆ అంకెని నమ్మి ఎవురన్నా పోతారేమోనని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ ఫోన్లో ఉండే ఆ లోతులు, ముప్పై ఏండ్ల ముందు సర్వే పడవలో నిలబడి గుండేసి కొలిచింది ఆయనే."