ఒక్క ఊదాపువ్వు

ఏడు ఏనుగులు మునిగే మడుగుని గుర్రపుడెక్క మూసేసింది. ఏటా చలికాలంలో వచ్చే కొంగమ్మకి పైనుంచి నీళ్ళు కనబడవేమోనని ముసలి తాబేలు తాత నోటితోనే ఆ కలుపంతా పీకేశాడు. "మూడు పూటల్లో మూడామడలు!" అంటూ లేని మీసం మెలేశాడు. ఊదాపువ్వు పూసిన ఒక్క మొక్కని మాత్రం ఉంచాడు.

"అదెందుకు తాతా?" అంది కప్ప.

"అంత దూరం నుంచి వచ్చేదానికి వట్టి చేతులతో ఎదురెళ్తానటే?"

చలికాలానికి ఆ ఒక్కటే మడుగంతా అల్లుకుపోయింది. కొంగమ్మ పైన మూడు చుట్లు తిరిగి, నీళ్ళు కానక వెళ్ళిపోయింది. ఆకుల కింద తాత ఆ రెక్కల చప్పుడు మాత్రం విన్నాడు.

మర్నాడే మళ్ళీ పీకడం మొదలెట్టాడు. ఆఖరి పువ్వు దగ్గర ఆగి, దాన్నీ వేళ్ళతో సహా లాగేశాడు.

"నా అంతటివాడు ఎదురెళ్తే చాలదుటే! పువ్వెందుకూ?" అన్నాడు కప్పతో, ఖాళీ ఆకాశంకేసి చూస్తూ.