గేటు తెరిచింది ఎవరు?

“అన్నయ్యా, కళ్లు మూయకు. నన్ను చూడు.”

ఆటో వెనక సీట్లో శారోన్ ఒళ్లో బెంజమిన్ తల ఉంది. ఆమె చున్నీ సగం ఎర్రబడింది.

ఉప్పలగుప్తం దాటాక కాలవ గట్టు మీద బైకు జారింది. తలకి ఉండాల్సిన హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతూ ఉండిపోయింది. వెనక కూచున్న శారోన్‌కి దెబ్బలు తగల్లేదు; అటుగా వస్తున్న ఆటోని ఆమే చెయ్యెత్తి ఆపింది. అందులో అప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. సంచి ఒళ్లోకి తీసుకుని పక్కకి జరిగాడు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ చెప్పింది ఒకటే.

“అమలాపురం వచ్చేదాకా మాట్లాడిస్తూనే ఉండండి. మాట తడబడితే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి.”

“అన్నయ్యా, నువ్వేం చేస్తుంటావు?”

“లెక్కల మాస్టార్ని... పడుకోనీ శారోనూ.”

శారోన్‌కి మాటలు అయిపోయాయి. ఏడుపు ఒక్కటే మిగిలింది.

పెద్దాయన బెంజమిన్ టీషర్టు వంక చూశాడు. దాని మీద లాంతరు గుర్తున్న అంతరిక్ష నౌక బొమ్మ.

“మాస్టారూ, మీరు ‘లాంటర్న్’ అభిమానులాండీ? దాన్నుంచి పుట్టిన సీరియళ్లు రెండున్నాయి కదా. నన్నడిగితే ‘రెస్క్యూ’నే గొప్పదండి. ‘హార్బర్’ ఒట్టి సాగదీత.”

బెంజమిన్ కనురెప్పలు కదిలాయి.

అన్నాచెల్లెళ్లిద్దరూ చిన్నప్పటి నుంచీ ‘లాంటర్న్’ అనే ఇంగ్లీషు అంతరిక్ష సీరియల్ చూస్తూ పెరిగారు. ‘హార్బర్’ని ఎవరైనా ఒక్క మాట అంటే బెంజమిన్ అన్నం ముందు నుంచి లేచి మరీ వాదిస్తాడు.

“సాగదీతా?” అన్నాడు నీరసంగా. “రెస్క్యూలో ఏముందండి? వారం వారం ఓ నౌక పాడవుద్ది, వీళ్లెళ్లి బాగుచేస్తారు. మెకానిక్ షెడ్డు.”

“మీ హార్బర్‌లో మటుకు ఏముందండి? ఆకాశంలో ఓ రేవు. అందులో కూచుని అందరూ ఒకళ్ల కష్టాలు ఒకళ్లకి చెప్పుకోడం.”

“దాన్నే కథంటారండి.”

“నేను రెస్క్యూ మొత్తం తెలుగులో చూసేనండి. భలే ఉంది.”

“తెలుగులోనా? అదీ సంగతి. ఆ డబ్బింగు గొంతులకి బతికున్న సీరియల్ కూడా చచ్చిపోద్ది. ఇంగ్లీషులో చూడండి.”

“ఆయ్,” అన్నాడు పెద్దాయన.

ఆటో గోతిలో పడి లేచింది. బెంజమిన్ మొహం తెల్లగా పాలిపోయింది.

“ఇంక నావల్ల కాదు. పడుకుంటాను.”

“పడుకోండి. ఈలోగా హార్బర్‌లో గాలి గేటు తెరిచి, సగం రేవుని ఊపిరాడకుండా చంపిందెవరో మీ చెల్లెమ్మగారికి చెప్పేస్తాను. మీ చెవినా పడుద్ది.”

బెంజమిన్ కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి.

“చెప్పకండి.”

“అయితే మీరు మాట్లాడండి.”

శారోన్‌కి ఒళ్లు మండింది. “ఆ ఎపిసోడ్ ఇంకా రాలేదండి. అబద్ధాలాడి మా అన్నయ్యని కంగారు పెట్టకండి.”

“అబద్ధం కాదమ్మా, తెలుసు.” ఆటో అంత మోత పెడుతున్నా, అరవకుండానే ఆయన మాట స్పష్టంగా వినిపిస్తోంది. “మాస్టారికి ఎవరి మీద అనుమానం?”

“ఆ రేవు డాక్టర్ మీరా మీద.”

“దీపాలు వెలిగించే ముసలాడున్నాడే, వాల్డన్. అతని మీద లేదా?”

“వాల్డన్ జోలికి రాకండి. మా తాతకన్నా ఎక్కువ.”

“అంత నమ్మకం దేనికండీ?”

దేనికో బెంజమిన్ చెప్పడం మొదలెట్టాడు. మొదటి ఎపిసోడ్ నుంచీ ఎత్తుకున్నాడు. పెద్దాయన ప్రతిదానికీ అడ్డం తగిలాడు. బెంజమిన్ ఆయాసపడ్డాడు, తిట్టాడు, ఒకచోట ఆయన్ని వెధవ లాజిక్కులు మానమన్నాడు. ఆస్పత్రి గేటు దాటినా ఆగలేదు. స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తుంటే కూడా “రెస్క్యూ ఓ సీరియలాండీ?” అంటూనే లోపలికి వెళ్లాడు.

శారోన్ పెద్దాయన వైపు తిరిగింది.

“చావుబతుకుల్లో ఉన్న మనిషితో గొడవ పెట్టుకోడానికి మీకు మనసెలా వచ్చిందండీ?”

“తప్పేనమ్మా. మీరు వెళ్లండి, ఆయన దగ్గరుండండి.”

స్కానింగ్ అయ్యేదాకా శారోన్ వసారాలో ప్రార్థన చేస్తూ నిలబడింది. డాక్టర్ హేమ బయటికొచ్చి భుజం తట్టింది.

“లోపల రక్తస్రావం లేదు. కుట్లు పడ్డాయి, అంతే. రెండ్రోజుల్లో ఇంటికి తీసుకెళ్లొచ్చు.”

శారోన్ కళ్లు తుడుచుకుని డాక్టర్‌కి దణ్ణం పెట్టింది.

“దారంతా స్పృహలోనే ఉంచేరు కదా, మంచి పని చేసేరు,” అంది డాక్టర్. “ఎవరు మాట్లాడించేరు? మీరేనా?”

శారోన్ వాకిట్లోకి పరిగెత్తింది.

ఆటో డ్రైవర్ బాబ్జీ ఒక్కడే సీటు కడుగుతున్నాడు.

“ఆయన రావులపాలెం బస్సెక్కేసేరండి. అక్కణ్ణించి హైదరాబాదంట. మాస్టారికి బాగుందని నర్సమ్మ చెప్పేక గానీ కదల్లేదండి.”

“పేరేంటి?”

“నేనడగలేదండి.”

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఆంక్షలు పెట్టింది. కొన్నాళ్లు తెర చూడకూడదు, చదవకూడదు. కావాలంటే సౌండు తగ్గించి వినొచ్చు.

‘హార్బర్’ ఆఖరి ఎపిసోడ్ వచ్చేసింది. సబ్‌టైటిల్స్ చదవకపోతే ఆ ఇంగ్లీషు యాస బెంజమిన్‌కి అందదు.

“తెలుగులో పెట్టనా?” అంది శారోన్.

“ఖర్మ. పెట్టు.”

ఫోన్ బోర్లించి దిండు పక్కన పెట్టింది. బెంజమిన్ కళ్లు మూసుకున్నాడు. రేవులో అందరూ ఒకచోట చేరారు. గేటు ఎవరు తెరిచారని కమాండర్ నిలదీసింది.

అప్పుడు ఒక గొంతు, అరవకుండా, స్పష్టంగా జవాబు చెప్పింది.

బెంజమిన్ చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. కాలవ గట్టు నుంచి అమలాపురం దాకా ఆ గొంతుతోనే పోట్లాడుతూ వచ్చాడు.

“డాక్టర్ మీరాని వదిలెయ్యండి,” అంటోంది ఆ గొంతు. “గేటు తెరిచింది వాల్డన్. ఈ వాల్డనే.”