సిఫారసు లేఖలో పద్నాలుగు లోపాలు

1. సింగపూరులోని ఒక బిజినెస్ స్కూలు, అనుభవజ్ఞులైన ఉద్యోగుల కోసం నడిపే ఎంబీఏకు నేను పెట్టిన దరఖాస్తును నిన్న తిరస్కరించింది.

2. కారణం కూడా తెలిపింది: మీ పై అధికారికి మీ మీద సదభిప్రాయం లేదు.

3. ఆ అధికారి సిఫారసు లేఖలో నా లోపాలు పద్నాలుగు, వరుస సంఖ్యలతో ఉన్నాయి.

వార్త మా శక్తినగర్ థర్మల్ స్టేషనంతా పాకింది. ఈ ఉదయం సూపరింటెండెంట్ అమరేశ్ గారు నన్ను పిలిపించి, నా దగ్గరున్న నకలు చదివి మండిపడ్డారు.

"ఏందయ్యా రాఘవులూ ఇది? 'ఇతరుల పనిని మూడుసార్లు సరిచూచి వారిని విసిగించును' అంట! ఎవడు రాసిండు గిట్ల?"

"కింద సంతకం తమరిదే సార్."

"సంతకం నాదేనయ్యా! నేనెప్పుడన్న చదివి సంతకం చేసిన్నా? నలభై ఆరేండ్లకు చదువుకుంటనన్న మనిషిని గిట్ల ముంచుతరా? వాని పేరు కాగితం మీద రాసియ్యి. ఇయ్యాలే బదిలీ చేస్త."

వారి ఆజ్ఞ ప్రకారం రాసి ఇస్తున్నాను.

సిఫారసు లేఖ ఫారం తీసుకువెళ్లిన రోజున వారు తలెత్తకుండానే, "నువ్వే నింపుకొని తే, సంతకం పెడ్త" అన్నారు. లోపాల గడిలో పద్నాలుగు గీతలున్నాయి. గీతను ఖాళీగా వదలడం నాకు చేతకాదు. తొమ్మిది నాకే తట్టాయి. మిగిలిన అయిదూ మా ఆవిడ ఆలోచించకుండానే చెప్పింది.

రాసినవాని పేరు, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు:

కోటపాటి వెంకట రాఘవులు