పొంగిపొర్లే పైసలు

“మగ్గం లోను మీద వడ్డీ మళ్లా పెంచిండ్రేంది సార్?” నిలబడే అడిగాను. ఏడాదిలో ఇది మూడోసారి.

బ్యాంకు మేనేజరు ఫోనులోంచి తల ఎత్తలేదు. “ముడి చమురు మండిపోతోంది గుండయ్యా. చమురు పెరిగితే అన్ని ధరలూ పెరుగుతాయి. ధరలు పెరిగితే వడ్డీ పెరుగుతుంది. నా చేతుల్లో ఏముంది?”

నా పక్కన హుసేన్‌బీ అక్క ఉంది. మా కొత్తవాడలో నా జంపఖానాల మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. గడువు తీరిన డిపాజిట్ కాగితం బల్ల మీద పెట్టింది.

“మరి నా రెండు లక్షలకు వడ్డీ తగ్గిచ్చిండ్రేంది సార్?”

“ప్రపంచమంతా పొదుపులు ఎక్కువయ్యాయమ్మా. పైసలు పొంగిపొర్లుతున్నాయి. మీ డబ్బు ఇప్పుడు ఎవరికి కావాలి?” అని ఆవులించాడు.

నా నోరంతా చేదైంది. నేను కట్టేది పెంచడానికి చమురు సాకు, ఆమెకిచ్చేది తగ్గించడానికి ప్రపంచం సాకు. అక్కడే ఉమ్మాలనిపించింది.

అక్క నా వైపు తిరిగింది. “తమ్మీ, నీ లోను ఇంకెంతున్నది?”

“లక్షా తొంభై వేలు, అక్కా.”

“సార్, నా పైసలన్నీ తీసియ్యిండ్రి. తమ్ముని లోను ఇయ్యాల్నే కట్టేస్తం. నెలనెలా నాకు వడ్డీ తమ్ముడే ఇస్తడు.”

మేనేజరు ఫోను పక్కన పడేసి లేచాడు. “అయ్యో, కూర్చోండమ్మా! మీ డిపాజిట్ వడ్డీ ఓ పావు శాతం పెంచి చూద్దాం. టీ చెప్పనా?”

అక్క కూర్చోలేదు.

“లోకమంత పైసలు పొంగుతానయంటిరి గద సార్. నా రెండు లక్షలకు లేసి నిలబడ్డరేంది?”