చుక్కల గుడ్డ

మమత తన భర్త సురేందర్ టిఫిన్ డబ్బా తోముతోంది. కళ్ళు మాత్రం గదిలోని కుర్చీ మీదే ఉన్నాయి.

కుర్చీకి తొడిగి ఉంది ఆ జత. తెల్ల చుక్కల ఎర్ర పావడా, కింద వరసలుగా కుచ్చులు. పైన పొట్టి చేతుల నూలు రవిక. పక్కనే తలలోకి ఎర్ర గుడ్డ పువ్వు, చేతిలోకి ఒక విసనకర్ర.

పాతకాలంలో స్పెయిన్ ఆడవాళ్ళు ఎండాకాలం జాతరలకు వేసుకునే బట్టల తీరులో ఒక జత సిద్ధం చేయాలి. దోహాలో ఒక బట్టల షాపు మేడం పెట్టిన పరీక్ష అది.

చుక్కల గుడ్డ ఒక్కటే మేడం ఇచ్చింది. ఆమె స్పెయిన్ నుంచి తెచ్చుకున్న పాత బట్ట తాను. ఇద్దరికి చెరో ముక్క కోసి, పేరూ ఇల్లూ పుస్తకంలో రాయించుకుని, ఇక లేదంది. మిగతావన్నీ ఎవరికి వారే సమకూర్చుకోవాలి.

ఇద్దరిలో ఒకరికే పని. మధ్యాహ్నానికల్లా చూపించాలి.

మమతకు మిగిలింది నల్ల శాలువా. దాని చుట్టూ జానెడు పొడుగు దారాలు వేలాడాలి. బజారులో దొరికేవన్నీ తళతళలాడే రకాలే. అందుకని తనే పట్టుదారంతో ముడులు వేస్తోంది. సగం కూడా కాలేదు.

తలుపు చప్పుడైంది. తడిచేతులతోనే తీసింది.

నల్ల బురఖాలో ఒకామె. భుజాన పెద్ద సంచి.

"మమత ఇల్లు ఇదేనా?"

"ఇదేనక్కా. నీ కోసమే చూస్తున్న. పార్సల్‌కే కదా?"

ఊరికి వెళ్ళేవాళ్ళు దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో నాలుగిళ్ళ పార్సళ్ళు మోసుకెళ్ళడం మామూలే. తమ ఊరు మెట్‌పల్లికి వెళ్ళే ఒకామె వస్తుందని పక్కింటి ప్రమీల నిన్ననే చెప్పింది.

"నేను... ఒక మాట అడుగుదామని..."

"తర్వాత అడుగుదువు గానీ, ముందు కూసో. పేరేందక్కా?"

"రఫియా."

"ఊరికే కూసునుడెందుకు, ఈ దారం కొస పట్టుకో."

రఫియా పట్టుకుంది. ఆమె చూపు కుర్చీ మీద పడింది. చాలాసేపు అక్కడే నిలిచింది.

"మంచిగ కుట్టినవ్."

"మంచిగుంటే చాలదక్కా. ఇంకొకామె కూడా కుడుతున్నదట. ఎవరో ఏమో, ఇయ్యాల ఆమెను ఓడగొట్టాలె."

రఫియా చేతిలో దారం వదులైంది.

"గట్టిగ పట్టు! ఎన్నడన్న సూది పట్టినవా లేదా?"

"పట్టిన, కొంచెం."

మమత ముడులు వేస్తూనే ఉంది. దారం కోసి వేలు ఎర్రబడింది. చీరకొంగుకు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"అమ్మను కలిస్తే మేం మంచిగున్నమని చెప్పు. ఈయన సైటుల పడ్డది చెప్పకు."

"పడ్డడా?"

"నడుం దెబ్బతిన్నది. కంపెనోళ్ళు స్టోర్ల కూసోబెట్టిన్రు. జీతం తగ్గింది. ఈ పని దొరికితేనే మాకు ఈ గది ఉంటది. లేకుంటే నేను ఊరికి, ఆయన లేబర్ క్యాంపుకు. నూనె రాసి నడుం పట్టకుంటే ఆయనకు నిద్ర రాదక్కా. క్యాంపుల ఎవరు పడతరు?"

రఫియా దారం కొసను వేలికి చుట్టుకుంది.

"అవును, నీ ప్రయాణం ఎన్నడు?"

"ఇంక ఖరారు కాలే. ఇక్కడ పని దొరకకుంటే పోవుడే."

"టికెట్టే కాలేదు, పార్సల్‌కు మాత్రం ముందే వచ్చినవ్! భలేదానివి!"

మమత నవ్వింది. రఫియా కూడా నవ్వింది.

ఎండ కిటికీ దాటి లోపలికి వచ్చింది. మమత గడియారం చూసి పెదవి కొరుక్కుంది.

"కాకపోతే టాక్సీల కూసోని అల్లుకుంట. పోవుడు మాత్రం పోతా."

రఫియా దారం కొస మెల్లగా కింద పెట్టింది. సంచి జిప్పు తీసింది. లోపలి నుంచి మడతపెట్టిన నల్ల శాలువా తీసింది. చుట్టూ చేత్తో వేసిన ముడులు, జానెడు పొడుగు దారాలు. ఒక్క ముడి కూడా హెచ్చుతగ్గు లేదు.

"ఇది తీసుకపో."

"అచ్చం ఇట్లాంటిదే! నీదా అక్కా?"

"అల్లిన. ఇంక దీంతోటి నాకు పని లేదు."

మమత గబగబా శాలువాను కుర్చీ భుజాల మీద పరిచింది. జతకు ప్రాణం వచ్చినట్టయింది. సంతోషంలో చాయ్ పెడతాననడం కూడా మరిచిపోయింది.

"నీ పార్సల్ ఇయ్యి." రఫియా చెయ్యి చాపింది.

"ప్రయాణం ఖరారు కాలేదంటివి?"

"ఇప్పుడైంది."

మమత అమ్మ అడ్రసు రాసిన పార్సల్ ఆమె చేతికిచ్చింది.

"ఏదో అడుగుతనంటివి కదక్కా?"

"అదేం లేదు తియ్. అమ్మకు చెప్త, మంచిగున్నరని."

రఫియా సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

మమత జతను సంచిలో పెడుతుండగా ప్రమీల వచ్చింది.

"మమతా, మెట్‌పల్లామె పొద్దుగూకినంక వస్తదట. పార్సల్ కట్టిపెట్టు."

"ఇప్పుడే తీసుకపోయింది కదనే, రఫియక్క!"

"రఫియానా? ఆమె పేరు గౌరవ్వ కదనే! ఎవరికిచ్చినవే నువ్వు?"

మమత చేతిలోని శాలువా మడత జారి మూల తిరగబడింది. దారాలు ఊడకుండా ఆ మూలకు లోపల చిన్న అతుకు వేసి ఉంది.

ఎర్ర గుడ్డ. దాని మీద తెల్ల చుక్కలు.

"ఎవరే ఆమె? మాట్లాడవేం?"

తను ఓడించాలనుకున్న మనిషే తన పార్సల్ మోసుకుని ఊరి దారి పట్టిందని ఎలా చెప్పాలో తెలియక, మమత ఆ శాలువాను గుండెకు అదుముకుని, చెప్పులైనా వేసుకోకుండా ఇంట్లోంచి బయటకు, రఫియా వెళ్ళిన దారిన నడిచింది.