మంజీర నీళ్లు

చందానగర్‌లో బుల్లిబాబు ఇంటి ముందు, పాత తెరచాప పడవలో బ్యాటరీలు బిగిస్తున్న మెకానిక్ యాదగిరి తలెత్తాడు.

"చెరువుల తిరిగే పడవకు గింత నీళ్ల ట్యాంకెందుకన్నా?"

"ఇక సముద్రంలోనే కదయ్యా!" అన్నాడు బుల్లిబాబు. "కాకినాడ పట్టుకుపోతున్నాను. తెలంగాణ వచ్చేస్తే మమ్మల్నిక్కడ ఉండనిస్తారేంటి?"

"నిన్నెవలు పొమ్మన్నరే?"

"ఇంకెవరు? మీవాళ్లే."

యాదగిరి చేతిలో పానా ఆగిపోయింది. నిన్న ఊరేగింపులో జెండా పట్టిందీ, పొద్దున ఈ ఇంట్లో పెసరట్టు తిన్నదీ ఆ చెయ్యే.

చివరి నట్టు బిగించి, ట్యాంకులో పైపు పెట్టి కుళాయి తిప్పాడు.

"ఇప్పుడెందుకయ్యా? అక్కడికెళ్లాక నింపుకుంటాలే."

"మా మంజీర నీళ్లు. గివి గూడ తీస్కపోండ్రి సార్."

పదేళ్లుగా అన్నా అని పిలిచిన నోరది. ట్యాంకు నిండి పొర్లుతున్నా, బుల్లిబాబు కుళాయి కట్టెయ్యలేదు.